రెండున్నర మిల్లీమీటర్ల పలక

గిటార్ మీటితే వినబడేది తీగ చప్పుడే అనుకుంటాం. నిజానికి తీగ ఒక్కటే అయితే దాదాపు ఏమీ వినబడదు. అది మరీ సన్నం కాబట్టి, ఊగేటప్పుడు గాలి దాని పక్క నుంచి జారిపోతుంది. గాలిని గట్టిగా కదిపి మన చెవిదాకా తెచ్చేది తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జ్ అనే చిన్న చెక్కముక్క కింద ఉన్న వెడల్పాటి చెక్కపలక. చేత్తో క్లాసికల్ గిటార్ తయారుచేసేవాళ్ల నేర్పు ఎంతో తేలేది ఈ పైపలక దగ్గరే.

దాని నుంచి మనం కోరేవి రెండు, ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. ఆరు నైలాన్ తీగల్నీ శ్రుతికి బిగిస్తే మొత్తం దాదాపు 40 కిలోల లాగుడు ఉంటుంది. తీగలు ముడిపడేది బ్రిడ్జ్‌కి, బ్రిడ్జ్ అతుక్కుని ఉండేది పలకకి. మధ్యలో మేకు గానీ మర గానీ లేదు, జిగురొక్కటే ఆధారం. వాయించినా వాయించకపోయినా ఆ లాగుడు బ్రిడ్జ్‌ని ముందుకు తిప్పెయ్యాలనే చూస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి ఓర్చుకోవాలంటే పలక మందంగా ఉండాలి. కానీ వేలితో మీటిన నైలాన్ తీగలో ఉండే శక్తి చాలా కొద్ది. బరువైన పలకని అది కదపలేదు. విరిగిపోనంత బలం, వీలైనంత తక్కువ బరువు: గిటార్ తయారీలో ప్రతి నిర్ణయం ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

అందుకే స్ప్రూస్ అనే చెట్టు చెక్క కావాలి. సమానమైన పరిమాణం తీసుకుంటే దాని బరువు నీటి బరువులో సగం కూడా ఉండదు. అయినా నార పొడవునా అంత తేలిగ్గా వంగదు. ఆ నార వెంట ధ్వని సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా పరిగెడుతుంది, గాలిలో దాని వేగం 340 మీటర్లే. 1960లలో మాడ్రిడ్‌లో మూడో హోసే రామిరెజ్ అనే గిటార్ తయారీదారు సెడార్ చెక్క వాడడం మొదలుపెట్టాక అదీ స్ప్రూస్ సరసన చేరింది. ఏ చెక్కైనా వయసు చారలు పలక ముఖానికి నిటారుగా నిలిచేలా కోయాలి. అలా పక్కపక్కన కోసిన రెండు రేకుల్ని పుస్తకంలా తెరిచి అంచులు కలిపి అతికిస్తారు.

ఆ తర్వాత చిత్రిక పట్టడం. నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పలక మందం చివరికి 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మధ్యకి వస్తుంది. ఎక్కడ ఆపాలో మాత్రం కొలబద్ద చెప్పలేదు. పలక దృఢత్వం మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి మారుతుంది. అంటే మందం పదో వంతు తగ్గితే దృఢత్వం నాలుగో వంతుకు పైగా పోతుంది. పైగా ఒకే చెట్టులోంచి వచ్చిన రెండు ముక్కలు కూడా ఒకేలా ఉండవు. అందుకే పనివాళ్లు పలకని రెండు చేతులతో కొద్దిగా వంచి చూస్తారు, వేలి కణుపుతో తట్టి వింటారు, ఇంకాస్త చిత్రిక పడతారు.

ఇంత చేసినా అడ్డంగా చూస్తే పలక బలహీనమే. నారకి అడ్డంగా స్ప్రూస్ దృఢత్వం నిలువుతో పోలిస్తే పదో వంతో, అంతకన్నా తక్కువో. ఆ లోటు పూడ్చడానికి లోపలివైపు సన్నని బద్దలు అతికిస్తారు. స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన అంతోనియో దె తోరెస్ (1817–1892) వాటిని విసనకర్ర ఆకారంలో ఏడుగా పరిచి, గిటార్ పెట్టెని పెద్దది చేశాడు. ఇప్పటి క్లాసికల్ గిటార్ రూపం చాలావరకు ఆయన స్థిరపరిచినదే. 1862లో ఆయన వెనక భాగాన్నీ పక్కల్నీ కాగితపు అట్టతో చేసి, పైపలక ఒక్కటే మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ కట్టాడు. అది ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

ధ్వనికి పైపలకే ముఖ్యమని చెప్పే ఆ అట్ట గిటార్ సంగతి ఇవాళ్టికీ పనికొస్తుంది. వెనక పలకకి బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని మించింది లేదని చాలాకాలం నమ్మారు. చెట్లు తరిగిపోవడంతో 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపు ఆపేశారు. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు, వెనక చెక్క తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న స్టీలు తీగల గిటార్లని, కలప కనపడకుండా వాయిద్యకారుల చేత వాయింపించారు. ఖరీదైన చెక్కకి చెప్పుకోదగ్గ ఆధిక్యం కనపడలేదు. అంతరించిపోతున్న చెట్టుని మన సంగీతం కోసం నరకనక్కర్లేదన్నమాట, ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది!

ఫ్రెట్లు, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే సన్నని పట్టీలు, ఎక్కడ పెట్టాలన్న లెక్క తేలిక. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయితే దాన్ని 17.817తో భాగించాలి, మొదటి ఫ్రెట్ 36.5 దగ్గర పడుతుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర వస్తుంది. గెలీలియో తండ్రి, ల్యూట్ అనే తీగల వాయిద్యం వాయించే విన్సెంజో గెలీలీ 16వ శతాబ్దంలోనే దీనికి 18 వాడమన్నాడు.

లెక్కకి అంత సులువుగా లొంగనిది తేమ. చెక్క నారకి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున బద్దలు అతికిస్తే, పొడి వాతావరణం రాగానే పలక ముడుచుకోవాలని చూస్తుంది, బద్దలు ముడుచుకోనివ్వవు, పలక పగులుతుంది. అందుకే తేమ 45–50 శాతం ఉండేలా గదిని సిద్ధం చేసుకున్నాకే జిగురు పని మొదలుపెడతారు.

తీగలు బిగించాక బ్రిడ్జ్ ముందు పలక కొంచెం దిగుతుంది, వెనక కొంచెం ఉబ్బుతుంది. ఇది లోపం కాదు. అసలే కదలని పలకని చూస్తే, భయంతో మందంగా వదిలేశారని నాకనిపిస్తుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. పలకకి తనదంటూ ఒక కంపన వేగం ఉంటుంది, సాధారణంగా సెకనుకు 200 సార్లకి అటూ ఇటూ. మూడో తీగ స్వరం సెకనుకు 196 కంపనాలు. ఆ రెండూ కలిశాయంటే ఆ ఒక్క స్వరం గట్టిగా మోగి టక్కున ఆగిపోతుంది, పక్క స్వరాలు మాత్రం బాగానే సాగుతుంటాయి. అప్పుడు తీగలు వదులు చేసి, పెట్టె నోట్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, గరుకు కాగితంతో బద్దల్ని తడుముకుంటూ కొద్దికొద్దిగా అరగదీస్తారు. పలక సొంత కంపనం రెండు స్వరాల మధ్యకి జరిగేదాకా బిగించడం, వినడం, మళ్లీ వదులు చేయడం సాగుతూనే ఉంటుంది.