వెనక షాకప్ రింగు తిప్పితే గట్టి పడుతుందా? అపోహలు - వాస్తవాలు

కడపలో మెకానిక్ షెడ్డు నాది, ఎక్కువగా పాత బండ్లే వస్తాయి, స్ప్లెండర్లు, సీడీ 100లు, అప్పుడప్పుడు ఒక ఆర్‌ఎక్స్ 100. వచ్చినోళ్లలో సగం మంది ఒకటే మాట, "అన్నా వెనక షాకప్ గట్టిగ చెయ్". ఏమైందప్పా అంటే ఊగుతాంది అంటాడొకడు, నడుము పోతాంది అంటాడు ఇంకొకడు, ఇద్దరికీ మందు షాకప్ స్ప్రింగు కొసన మెట్లు మెట్లుగా తిరిగే ఆ రింగే అని నమ్మకం. అందుకే రాస్తాండా.

అపోహ: రింగు తిప్పితే స్ప్రింగు గట్టి పడుతుంది.

పడదు. స్ప్రింగు ఎంత గట్టిదనేది తీగ మందం, చుట్ల లెక్క, చుట్టు వెడల్పు బట్టి తయారైనప్పుడే ఖాయమైపోతాది. ఒక సెంటీమీటరు కుంగడానికి 20 కిలోలు అడిగే స్ప్రింగు ఉందనుకో, రింగు ఏ మెట్టు మీదున్నా ఇంకో సెంటీమీటరుకు మళ్లీ 20 కిలోలే అడుగుతాది. రింగు చేసేదల్లా స్ప్రింగును ముందే కొంచెం నొక్కి పెట్టడం, దాంతో మనం కూర్చున్నప్పుడు బండి తక్కువ కుంగుతాది, అంటే వెనకభాగం ఎత్తు మారుతాది, అంతే. మరి గట్టిగ ఎందుకనిపిస్తాది అంటే, ఒక్కడే కూర్చున్నప్పుడు షాకప్ కుంగాల్సినంత కుంగకుండా పైకే ఉండిపోతాది, గుంత వస్తే చక్రం కిందికి దిగే చోటు ఉండదు, ఎగిరిపడుతుంది, బ్రేకు కొడితే జారుతాది కూడా. నడుము నొప్పి అని వచ్చినోళ్ల బండి చూస్తే చానాసార్లు రింగు చివరి మెట్టు మీదే ఉంటాది, ఇంకా గట్టిగ చెయ్యమంటాడు!

అపోహ: చివరి మెట్టు పెడితే ఎంత బరువైనా ఎత్తొచ్చు.

చెన్నూరు వైపు నుంచి పాలు తెచ్చే మామ ఒకాయన ఉండాడు. రెండు పక్కలా 40 లీటర్ల క్యాన్లు, పాలే 80 కిలోల పైన, క్యాన్ల బరువు, ఆయన 70 కిలోలు, అన్నీ కలిపితే 150 దాటిపోతాది, ఆ స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 130 కిలోల దగ్గర. రింగు తిప్పితే ఆ 130 పెరగదు. ఫ్రేమ్, రిమ్ము, స్పోకులు, టైరు, అన్నీ ఆ లెక్కతోనే చేసింటారు కదా. పైగా తిరుగు ప్రయాణంలో క్యాన్లు ఖాళీ, రింగు మాత్రం చివరి మెట్టు మీదే, ఇంటికి పోయేలోపల క్యాన్ల మూతలు ఎగిరిపోతాండాయి అని నవ్వుతాడు. ఒకరోజు ఒకే క్యాను వేసుకొచ్చి "కుడి పక్కే బరువు కదా, కుడిది ఒక మెట్టు ఎక్కువ పెట్టబ్బీ" అన్నాడు. ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాల, లేకుంటే స్వింగార్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి, మెలితిరిగినట్టు లాగుతాది, దాని కీలులోని బుష్‌లు ఒక పక్కే తినేస్తాది. బరువే రెండు పక్కలా సమానంగా కట్టుకోవాల.

ఏ మెట్టు పెట్టాల అని అడుగుతారు. కొన్ని బండ్లకు 2 మెట్లు, కొన్నిటికి 5, అందరికీ ఒకటే చెప్పలేం, కొలవాల్సిందే. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిలో ఉండంగా యాక్సిల్ నుంచి నేరుగా పైకి, వెనక మడ్‌గార్డు మీద ఒక గుర్తు పెట్టి టేపుతో కొలిచి రాసుకో. తర్వాత స్టాండ్ తీసి, మామూలుగ ఎట్ల పోతావో అట్లనే కూర్చో, ఇంకొకరితో అదే కొలత తీయించు. రెండిటికీ తేడా చక్రం పైకీ కిందికీ ఆడే మొత్తం దూరంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపల ఉంటే బాగున్నట్టే, చక్రం 80 మిల్లీమీటర్లు ఆడే బండికైతే 20 నుంచి 25 అన్నమాట. ఎక్కువ కుంగితే ఒక మెట్టు పైకి, తక్కువ కుంగితే కిందికి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని పోయే రోజు మళ్లీ చూసుకో, అప్పుడే చైన్ లూజు కూడా చూసుకో, బరువు పడితే చైన్ బిగువు మారుతాది. వెనక బాగా కుంగితే హెడ్‌లైట్ ఆకాశం చూస్తాది, ఎదురొచ్చేవాడు తిట్టుకుంటాడు, చానామందికి ఇది తట్టనే తట్టదు.

అపోహ: ఊగుతాంది అంటే స్ప్రింగు పోయింది.

స్ప్రింగు అంత సులభంగా పోదు. ఊపును ఆపేది లోపలి ఆయిల్, సన్న బొక్కల్లోంచి అది దూరిపోయేటప్పుడు పుట్టే అడ్డంకి. సీటును గట్టిగ నొక్కి వదులు, ఒకసారి లేచి నిలబడితే షాకప్ బాగుంది, రెండు మూడుసార్లు ఊగితే ఆయిల్ పని అయిపోయింది. రాడ్డు మీద తడి దుమ్ము పట్టి ఉంటే లీకు. ఇట్లాంటిదానికి ఎన్ని మెట్లు తిప్పినా లాభం లేదు. ఒకాయన ఎక్కడో కోయించి, ఇంజిన్ ఆయిల్ పోయించి, వెల్డింగ్ పెట్టించుకుని వచ్చినాడు, ఆ చిక్కటి ఆయిల్‌కు షాకప్ కర్ర మాదిరి అయిపోయింది. చిన్న బండ్ల షాకప్‌లు చానా వరకు విప్పేవి కావు, జతగా మార్చుకోవడమే మేలు.

గ్యాస్ షాకప్ అంటే గ్యాసే బరువు మోస్తాది అనుకుంటారు. మోసేది స్ప్రింగే, గ్యాస్ ఆయిల్ నురగ కాకుండా చూస్తాది. చుట్ల మధ్య టైరు ముక్క దూర్చడం అయితే ఇంకా అన్యాయం, ఆ కాడ స్ప్రింగు కదలదు, మిగతా చుట్ల మీద భారం పడుతుంది, చూసినప్పుడల్లా పీకి పారేస్తాండా.

గువ్వలచెరువు ఘాటులో మలుపు తిరిగితే వెనక అటూ ఇటూ పోతాంది అని ఒక పిల్లోడు రెండు షాకప్‌లు కొత్తవి వేయించుకున్నాడు, అయినా పోలేదు. చక్రం పట్టుకుని పక్కకు ఊపితే టకటకమంటాంది, స్వింగార్మ్ బుష్ అరిగిపోయింది పాపం.

రింగు బిగుసుకుపోతే ఉలి, సుత్తి పట్టుకోవద్దు, పళ్లు విరిగితే షాకప్ మార్చాల్సిందే. వైర్ బ్రష్‌తో మట్టి తీసి, డీజిల్ పోసి ఒక గంట వదిలేసి, కొక్కెం మాదిరి వంపుండే సి పానాతో తిప్పు. స్ప్రింగు పొట్టిగ అయితే మెట్టు పెరిగినట్టు, పొడుగైతే తగ్గినట్టు, ఎటు తిప్పాలనేది బండి బండికీ వేరు. ఆ పానా కొన్ని బండ్లతో పాటే ఇస్తారు కానీ ఎవురి టూల్ కిట్‌లోనూ ఉండదు, అందరికీ నాదే కావాల, తీసుకుపోయినోళ్లు ఎవరైనా చదువుతాంటే తెచ్చీండప్పా, ఇప్పటికి రెండు పోయినాయి.