స్టడ్లు వేస్తే హెడ్ ప్యాకింగ్ పోదా? నైట్రస్ ఇంజిన్లపై అపోహలు - వాస్తవాలు

సాలూరులో లారీ ఇంజిన్ల హెడ్లు (సిలిండర్ల మీది మూతలు) దించుతూ పని నేర్చుకున్నాను, ఇప్పుడు విజయనగరంలో సొంత షెడ్డు. ఏడాదికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వస్తారు, డ్రాగ్ ట్రాక్ (తిన్నని దారిలో వేగం పోటీ) కోసం పాత మారుతి ఎస్టీమ్ కారుకి నైట్రస్ (ఇంజిన్ శక్తి పెంచే గ్యాస్) పెట్టాలని. (రోడ్డు మీద తిప్పుతామంటే నేను చెయ్యను, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.) అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ స్టడ్లు కొనమంటావు?" స్టడ్డంటే హెడ్‌ని కింది బ్లాకుకి బిగించే, రెండు చివరలా మర ఉన్న కడ్డీ, పైన నట్టు పడుతుంది. నేనేమో ముందు పెట్రోలు సంగతి, టైమింగ్ (స్పార్కు ఎప్పుడు పడాలన్నది) సంగతి అడుగుతాను. వాళ్లకి విసుగు.

అపోహ: ఖరీదైన స్టడ్లు వేసేస్తే ప్యాకింగ్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య లీకు కాకుండా ఆపేది) ఇక పోదు.

వాస్తవం: రాజాం కుర్రాడొకడు తెచ్చిన ఇంజిన్ ఇంకా కళ్ల ముందే ఉంది. మంచి స్టడ్లే, ఒక్కటీ సాగలేదు, నట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. హెడ్ ఎత్తి చూస్తే రెండు, మూడు సిలిండర్ల మధ్య ప్యాకింగ్ రింగు మాడి చిట్లిపోయింది, మూడో పిస్టన్ అంచు ఎలక కొరికిన గారెలా ఉంది. నైట్రస్‌లో బరువు లెక్కన 36 శాతం ఆక్సిజన్, గాలిలో 23. సిలిండర్ లోపల సుమారు 300 డిగ్రీల దగ్గర అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది, దానికి తగ్గ పెట్రోలు అందకపోయినా, టైమింగ్ వెనక్కి తియ్యకపోయినా (స్పార్కు కాస్త ఆలస్యం చెయ్యకపోయినా) నాకింగ్ వస్తుంది, అంటే మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే పేలిపోతుంది. మామూలు మంట పిస్టన్‌ని తోస్తుంది. నాకింగ్ సమ్మెటతో కొడుతుంది.

చిన్న లెక్క చెప్తాను. ఎస్టీమ్ బోరు 74 మిల్లీమీటర్లు. లోపల 100 బార్ ఒత్తిడి అనుకుంటే హెడ్‌ని పైకి తోసే బలం సుమారు 4.4 టన్నులు. 10 మిల్లీమీటర్ల 10.9 గ్రేడ్ (ఉక్కు గట్టిదనం గుర్తు) బోల్టు ఒక్కటే శాశ్వతంగా సాగాలంటే 5 టన్నులు దాటాలి, పైగా ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగున్నాయి. ప్యాకింగ్‌ని నొక్కి ఉంచడానికి అందులో కొంత పోయినా సరే, చిన్న షాట్‌కి (తక్కువ మోతాదు నైట్రస్‌కి) కంపెనీ కొత్త బోల్టులు చాలాసార్లు చాలు. నా దగ్గరికొచ్చిన వాటిలో ప్యాకింగ్ పోయింది ఎక్కువగా నాకింగ్ వల్ల, లేదంటే బిగింపు తప్పు వల్ల.

అపోహ: అయితే స్టడ్లు దండగే కదా!

అదీ కాదు. బోల్టు బిగిస్తుంటే తడి పంచె పిండినట్టు మెలి తిరుగుతూ సాగుతుంది. స్టడ్డునైతే చేత్తో బ్లాకులోకి దించేస్తాం (పానా పెట్టి బిగించకూడదు, చాలామంది చేసే తప్పు ఇదే), ఆ తర్వాత తిరిగేది నట్టు, స్టడ్డు చాలావరకు చేంతాడులా నిటారుగా సాగుతుంది. నట్టు వైపు మర సన్నం కాబట్టి బిగింపు అన్నిటికీ దగ్గర దగ్గరగా వస్తుంది. రేసుకోసమని హెడ్ మాటిమాటికీ దించేవాడికి బ్లాకులో మర అరగకుండా ఉండటమే పెద్ద లాభం.

అపోహ: హార్డ్‌వేర్ షాపులో 12.9 అలెన్ బోల్టులు దొరుకుతాయి, చవక, గట్టి.

వద్దు బాబూ. తల చిన్నది, అల్యూమినియంలోకి దిగబడుతుంది, దిగబడిన కొద్దీ బిగింపు వదులైపోతుంది. పైగా అంత గట్టి ఉక్కుకి జింకు పూత పడితే లోపల హైడ్రోజన్ చేరి, బిగించిన రెండు మూడు రోజులకి ఎవరూ ముట్టకుండానే పుటుక్కుమనొచ్చు.

అపోహ: పాత బోల్టులు చూడ్డానికి బాగానే ఉన్నాయి, మళ్లీ వాడెయ్యొచ్చు.

టార్క్ (బిగించే మెలి బలం) ఇచ్చాక ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పమని రాసి ఉన్న బోల్టులు చాలావరకు ఒకసారికే. కొత్తదాని పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలవండి, పొడవు పెరిగి ఉంటుంది, మర పైన నడుము సన్నబడి ఉంటుంది.

అపోహ: టార్క్ రెంచి (పెట్టిన అంకెకి చేరగానే శబ్దం చేసే పానా) క్లిక్‌మంటే పనైపోయినట్టే.

వాస్తవం: మనం పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది మిగిలిన కాస్తే. అందుకే స్టడ్లతో వచ్చిన గ్రీజు రాస్తే ఒక బిగింపు, ఇంజిన్ ఆయిల్ రాస్తే ఇంకో బిగింపు, రెంచి మాత్రం రెండుసార్లూ ఒకే అంకె చూపిస్తుంది. ఏ గ్రీజుకి ఏ అంకె ఇచ్చారో అదే వాడాలి. మా షెడ్డులోనే ఒకసారి కాగితం మీద 70 అడుగు-పౌండ్లు అని ఉంటే మావాడు 70 న్యూటన్ మీటర్లకి పెట్టేశాడు. అసలు కావలసింది 95. పావు వంతుకి పైగా తక్కువ. మొదటి పరుగుకే రేడియేటర్లో బుడగలు, నా జేబులోంచి కొత్త ప్యాకింగ్. ఇంకోసారి, ఇది నా తప్పే, అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిల్ ఉందని చూసుకోకుండా బోల్టు బిగించాను. ఆయిల్‌కి పోయే దారి లేదు, బ్లాకు చిట్లింది. అప్పట్నుంచీ ప్రతి రంధ్రానికీ గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి, పొడిగా బయటికొచ్చాకే ముందుకెళ్తాను. నీళ్ల జాకెట్‌లోకి (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిరిగే దారిలోకి) తెరుచుకునే రంధ్రమైతే మరకి సీలెంట్ కూడా రాయాలి.

చివరిగా ఒకటి, కొనేముందు బానెట్ ఎత్తి టేపుతో కొలుచుకోండి. స్టడ్ల మీద హెడ్ నిటారుగా పైకి రావాలి, కొన్ని కార్లలో బ్రేక్ బూస్టర్ అడ్డొస్తుంది. అలాంటప్పుడు ప్యాకింగ్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం దించాలి, లేదా నట్టుకి నట్టు బిగించి ఒక్కో స్టడ్డూ పీక్కోవాలి. రాజాం కుర్రాడి బండికి మేం రెండోదే చేశాం, మధ్యాహ్నం భోజనం సాయంత్రం అయిదింటికి.