రంగు చెడితే కారు పోయినట్టేనా? మోడల్ కార్ల పనిలో అపోహలు, వాస్తవాలు

మొన్న రాత్రి ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. అసలు కారులో 24వ వంతు సైజున్న (1:24) మోడల్ కారు బాడీ, ముదురు నీలం. బానెట్ నడిమధ్యన బొటనవేలి ముద్ర, గీతలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా. కింద ఒకటే వాక్యం: "సార్, ఇక పారేయడమేనా?"

ఇలాంటి ఫొటోలు నాకు వారానికి ఒకటైనా వస్తాయి. ఒకరి కారు మీద వెంట్రుక, ఇంకొకరి తలుపు మీద కారి గడ్డకట్టిన రంగు, మరొకరి టాపు మీద నారింజ తొక్కలాంటి గరుకు. ఫొటోలు వేరైనా అందరూ అడిగేది పారేయాలా అనే. ఆ ప్రశ్న వెనకున్న అపోహ మన పనిలో ఎన్ని కిట్లను (విడి భాగాలుగా పెట్టెలో వచ్చే మోడళ్ళను) చెత్తబుట్ట పాలు చేసిందో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత నాలుగు మాటల్లో తేల్చేస్తాను.

అపోహ: చేయి తిరిగినవాళ్ళు తప్పు చేయరు. రంగు ఒకసారి చెడితే బాడీ ఇక పనికిరాదు.

ఈ నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మోడల్ ఎప్పుడూ పూర్తయ్యాకే అద్దాల బీరువాలోకి చేరుతుంది. చూసేవాళ్ళకు నున్నటి తలుపు కనిపిస్తుంది, ఆ తలుపు మీద అంతకుముందు వేసి తీసేసిన రెండు రంగులు కనిపించవు. దాంతో మొదటి ప్రయత్నంలోనే అలా వచ్చిందనుకుంటారు. తమకు రాకపోతే తమ చేతిలోనే లోపం ఉందనుకుంటారు. కొందరు పాపం ఆ భయంతో అసలు మొదలే పెట్టరు. "చేయి కుదిరాక తీస్తాను" అని మంచి కిట్లను సీలు కూడా తీయకుండా అటక మీద దాచుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. కిట్టు తీయకుండా చేయి దేనిమీద కుదురుతుందో వాళ్ళే చెప్పాలి.

వాస్తవం ఏమిటంటే, మన కిట్ల బాడీలు చాలావరకు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాన్ని ఏమీ చేయదు, పైనున్న రంగును మాత్రం పట్టు వదిలేలా చేస్తుంది. 90 శాతానికి పైబడినది తీసుకోండి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో బాడీ మునిగేలా పోయండి. చాలా లాకర్ రంగులు, అక్రిలిక్‌లు కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు ముడతలు పడి, పాము కుబుసంలా ఊడివస్తాయి. మిగిలినదాన్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, ప్యానెల్ గీతల్లో (తలుపు, బానెట్ చుట్టూ ఉండే సందుల్లో) ఇరుక్కున్నదాన్ని టూత్‌పిక్‌తో లాగండి. బాగా ముదిరిన ఎనామెల్ రంగు మొండికేస్తుంది, దానికి రెండు మూడు దఫాలు పట్టవచ్చు. ముందుగా స్ప్రూ (కిట్టు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కనొకదాన్ని అందులో వేసి చూడటం మరవకండి, రెజిన్ భాగాలైతే మరీను. చేతులకు గ్లవ్స్ ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

క్రోమ్ భాగాలను ఆ డబ్బాలో వేయకండి. వాటి మెరుపు లాకర్ పొర మీద ఆవిరిగా పట్టించిన అతి పలుచని అల్యూమినియం. అది పోవాలంటే ఇంట్లో వాడే బ్లీచు చాలు, కానీ డబ్బా వేరుగా ఉండాలి. బ్లీచునూ ఆల్కహాల్‌నూ కలిపితే విషపదార్థాలు పుడతాయి. తొందరలో ఒకే డబ్బా వాడేద్దామనుకునేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఇక పుకార్లు. "నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంతో క్షణంలో పోతుంది" అని ఎవరో చెబుతారు, వినేవాళ్ళు వింటారు. నిజమే, క్షణంలో పోతుంది, రంగుతో పాటు కారు కూడా. అందులో సాధారణంగా ఉండే అసిటోన్ పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. ఒకబ్బాయి నా దగ్గరకు తెచ్చిన బాడీలో టాపు ఎండలో పెట్టిన మైనంలా కుంగిపోయి, విండ్‌షీల్డ్ స్తంభాలు రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. దాన్ని మాత్రం నేనూ బాగుచేయలేకపోయాను. పాపం, వాడికి ఆ సలహా ఇచ్చినవాళ్ళు తమ జన్మలో ఒక్క మోడల్ కూడా చేసి ఉండరు.

అసలు ప్రతి తప్పుకూ రంగంతా ఊడ్చనక్కర్లేదు. వెంట్రుక పడిందా, ముట్టుకోకండి. తడి మీద పట్టకారు పెట్టారంటే చిన్న గీత కాస్తా కాలువవుతుంది. ఆరనివ్వండి. 2000 నంబరు ఉప్పు కాగితాన్ని నీళ్ళలో తడిపి, ఆ చోటు చదునయ్యేదాకా మెల్లగా రుద్ది, మళ్ళీ పలుచగా ఒక పూత వేయండి. కారిన చుక్క అయినా అంతే, కాకపోతే కాగితం వెనక గట్టి దిమ్మ పెట్టుకోవాలి. వేలితో రుద్దితే చుక్క అలాగే ఉండి చుట్టూ గుంట పడుతుంది.

నా సొంత కథ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన బాడీకి తెల్ల రంగు వేశాను. సాయంత్రానికి పాలలా తెల్లగా ఉంది. పొద్దున లేచి చూస్తే లేత గులాబీ! ఎర్ర ప్లాస్టిక్‌లోని రంగు పైపూతలోకి ఊరుతుందని అప్పుడు నాకు తెలియదు. ఇంకో పూత తెలుపు వేశాను, గులాబీ. మరొకటి వేశాను, గులాబీయే, పైగా తలుపు గీతలు పూడిపోయాయి. ఊడ్చేశాను. రెండోసారి వెండి రంగు అడ్డుపొర వేసి, దానిమీద తెలుపు వేశాను. ఈసారి వర్షం, గదిలో తేమ, లాకర్ బూడిద పట్టినట్టు మసకబారింది. మళ్ళీ ఊడ్చేశాను. మూడోసారి కుదిరింది. ఆ కారును ఒక ప్రదర్శనలో పెడితే ఒక పెద్దాయన చాలాసేపు వంగి చూసి, "మీ చేతికి తప్పనేది తెలియదనుకుంటాను" అన్నారు. నేను బాడీ తీసి తిరగేసి చూపించాను. డిక్కీ లోపలి మూలలో గోరంత గులాబీ మరక అలాగే ఉంది. కావాలనే ఉంచాను. ఆయన ఆ మరకను బయటి రంగు కన్నా ఎక్కువసేపు చూశారు.

అపోహ: ఎన్ని పూతల క్లియర్ కోట్ (రంగు పైన వేసే పారదర్శక పూత) వేస్తే అంత మెరుపు.

ఇది రెండో స్థానంలో ఉంది. దీనికి కాస్త లెక్క కావాలి. నిజమైన కారు మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. దాన్ని 24తో భాగించండి, అటూ ఇటూగా 5 మైక్రాన్లు. ఎంత పలుచగా వేసినా మన ప్రైమర్ (రంగు కింద వేసే అడుగుపూత), రంగు, క్లియర్ కలిస్తే దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. తలుపు చుట్టూ ఉండే సందు అసలు కారులో దాదాపు 4 మిల్లీమీటర్లు, మన దాంట్లో మిల్లీమీటరులో ఆరో వంతు. అందులోకి నాలుగు పూతల క్లియర్ పోస్తే ఆ గీత ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు, సబ్బుబిళ్ళ మీద అరిగిన అక్షరంలా మిగులుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ప్రైమర్‌కు ముందే గీతలను స్క్రైబర్ అనే చెక్కుడు పనిముట్టుతో లోతు చేసుకుంటారు.

మెరుపు వచ్చేది చదునుతనం వల్ల. ఆరిన క్లియర్‌ను సన్నని కాగితాలతో వరసగా తడిపి రుద్దాలి, తర్వాత కాంపౌండ్ (పాలిష్ చేసే ముద్ద). అంచుల మీద రంగు సహజంగానే పలుచన, రుద్దితే ముందు పోయేవి అవే. బానెట్ అంచులకు టేపు అంటించుకుని మధ్యలో మాత్రమే రుద్దండి.

ఇంకొకటి. "ఆరింది" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ముట్టుకుంటే అంటకపోవడం ఒకటి, లోపలి ద్రావకం పూర్తిగా ఆవిరైపోవడం మరొకటి. మొదటిది లాకర్‌కు నిమిషాల పని, రెండోది రోజుల పని. ఎనామెల్‌కు వారాలు. మధ్యలో పాలిష్ చేస్తే ఆ రోజు అద్దంలా ఉంటుంది, నెల తర్వాత పూత కుంచించుకుని అడుగున ఉన్న గీతలన్నీ బయటపడతాయి. పరీక్ష సులువు: బాడీని ముక్కు దగ్గర పెట్టుకోండి. రంగు వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెట్టమనే మహానుభావులు కూడా ఉన్నారు. పాలిస్టైరీన్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో మెత్తబడిపోతుంది, అంతకన్నా ముందే వంకరపోవచ్చు. నేను 40 డిగ్రీలు దాటనివ్వను.

మిగతావి గబగబా.

ఎయిర్ బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు) లేకపోతే మంచి కారు రాదంటారు. వస్తుంది. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, పలుచని పూతలుగా వేసినవాళ్ళ పని నా ఎయిర్ బ్రష్ పనిని తలదన్నిన సందర్భాలున్నాయి. నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి, వేడిగా ఉంటే డబ్బా పేలవచ్చు.

సూపర్ గ్లూ అన్నిటికీ పనికొస్తుందంటారు. కిటికీ అద్దం దగ్గరకు మాత్రం తేకండి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది. ఆరాక పారదర్శకంగా ఉండే తెల్ల జిగురు చాలు.

1:24, 1:25 ఒకటేనంటారు. 4.8 మీటర్ల కారు మొదటి దాంట్లో 20 సెంటీమీటర్లు, రెండో దాంట్లో 19.2. ఒకదాని ఇంజను ఇంకొకదాంట్లో పెట్టబోతే ఆ 8 మిల్లీమీటర్ల విలువ తెలిసొస్తుంది.

రంగు డబ్బా చిన్నది కాబట్టి మాస్కు అక్కర్లేదంటారు. ఇక్కడ నవ్వులాట లేదు. దుమ్ము మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపదు, సేంద్రియ ఆవిరులకు తగిన కార్ట్రిడ్జి ఉన్నదే కావాలి. గట్టిపరిచే రసాయనం కలిపి వాడే రెండు భాగాల క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒకసారి అలర్జీ పట్టుకుంటే మళ్ళీ వదలకపోవచ్చు. దాని మెరుపు నాకూ ఇష్టమే, అయినా నా గదిలోకి రానివ్వను.

అపోహ: కిట్టులోనే అంతా ఉంటుంది కదా, అతికించడంలో పనితనం ఏముంది?

ఇది మోడల్ చేయనివాళ్ళ ప్రశ్న, ఎక్కువగా మన ఇంట్లోవాళ్ళదే. కిట్టు చేసేవాళ్ళ శ్రమను నేను తక్కువ చేయను. 1976లో వచ్చిన 1:12 పోర్షె 934 రేసు కారు కిట్టు కోసం జపాన్ కిట్ల సంస్థ టమియావాళ్ళు, దానికి మూలమైన పోర్షె 911ను నిజమైనదాన్నే ఒకటి కొని, విప్పి చూశారు. అయినా ప్లాస్టిక్‌కు దాని హద్దులు దానికున్నాయి. కిట్టు బాడీ మందం మిల్లీమీటరుకు పైనే. 24తో హెచ్చవేస్తే, అసలు కారు రేకు ముప్పాతిక మిల్లీమీటరు ఉండాల్సిన చోట రెండున్నర సెంటీమీటర్ల గోడ. అందుకే ఎవరి పనితనమైనా చూడాలంటే ముందు మెరుపు చూడకండి, చక్రం పైనున్న వంపు అంచు చూడండి. లోపలి నుంచి ఆకురాయితో చెక్కి, బయటికి రేకులా కనిపించేలా చేశారా? కిటికీ చుట్టూ ఉన్న రేకు పట్టీ వెండి రంగా, కత్తితో కోసి అంటించిన లోహపు పొరా? మూలల్లో ఆ పొర ముడత పడిందా? నాలుగు చక్రాలూ బల్లను తాకుతున్నాయా? చివరి దాన్ని ఎవరూ చూడరు, నేను మాత్రం ముందు అదే చూస్తాను. ఒక చక్రం గాల్లో లేచిందంటే చాసీని (అడుగు చట్రాన్ని) తొందరలో అతికించారని అర్థం. నా బీరువాలో అలాంటివి రెండున్నాయి. వాటి కింద సన్నని కాగితం ముక్క పెట్టి మేనేజ్ చేస్తున్నాను, ఎవరికీ చెప్పకండి.

ఇంతకీ బొటనవేలి ముద్ర అబ్బాయి. రాత్రే సమాధానం రాశాను: పారేయవద్దు, నాలుగు రోజులు ముట్టుకోవద్దు, తర్వాత 2000తో రుద్ది చూడు, ముద్ర రంగులోకి దిగి ఉంటే డబ్బాలో వెయ్యి. అయిదో రోజు ఇంకో ఫొటో పంపాడు. గాజు సీసాలో ఆల్కహాల్ సిరాలా నీలంగా ఉంది, అందులో బాడీ తల్లకిందులుగా మునిగి ఉంది. దాని కింద ప్రశ్న: "సార్, నీలం మొత్తం పోయింది, బూడిద రంగు ప్రైమర్ అక్కడక్కడ పట్టుకునే ఉంది. అది కూడా పోవాలా?"

అక్కర్లేదు. గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని కదపకు. అంచు గోటికి తగలకుండా 1000తో చదును చేసి, దానిమీదే మళ్ళీ ప్రైమర్ వేసుకో. ఈసారి ఆరేటప్పుడు పైన ఏదైనా పెట్టె బోర్లించు, వేలు పెట్టి చూడాలనిపించదు.