పాత కారు డిస్ట్రిబ్యూటర్‌కు నూనె: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పాత పెట్రోల్ అంబాసిడర్లను, ఫియట్లను ముచ్చటగా నిలుపుకున్నవారు ఇంకా ఉన్నారు. అటువంటి కారు నా షెడ్డుకు వస్తే ముందుగా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) క్యాప్ విప్పి చూస్తాను. లోపల కనిపించేది చాలాసార్లు రెండింటిలో ఒకటే: ఏళ్ల తరబడి చుక్క నూనె ఎరుగక పట్టిన తుప్పు, లేదా గ్రీజులో మునిగిన పాయింట్లు (కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే లోహపు ముఖాల జత).

అపోహ: ఇగ్నిషన్ (పెట్రోల్‌ను మండించే ఏర్పాటు) కరెంటుకు సంబంధించినది కాబట్టి దానికి నూనె అవసరం లేదు.

వాస్తవం: డిస్ట్రిబ్యూటర్‌లో సగం పని కరెంటుది, సగం పని ఇనుముది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1500 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు నాలుగుసార్లు చొప్పున పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుంటాయి. ప్రతిసారీ క్యామ్‌ను, అంటే ఇరుసు మీద మూలలు తేలిన భాగాన్ని, ఒరుసుకునేది పాయింటుకు ఉన్న చిన్న ఫైబర్ ముక్క. క్యామ్ పొడిగా ఉంటే ఆ ముక్క అరిగి, పాయింట్ల మధ్య సాధారణంగా 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండవలసిన గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి పోతుంది, పికప్ పడిపోయి ఇంజిన్ వేడెక్కుతుంది. అప్పుడు యజమాని రేడియేటర్‌ను, కార్బురేటర్‌ను అనుమానించి వాటి మీద డబ్బు ఖర్చుపెడతాడు.

పాయింట్ల పళ్లెం కింద మరో భాగం ఉంది. వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే రెండు బరువులు, వాటి స్ప్రింగులు అక్కడే ఉంటాయి. కంటికి కనిపించవు కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు; మైపాడు, కొత్తపట్నం వంటి తీరగ్రామాల్లో ఉప్పుగాలికి అవి మరీ త్వరగా బిగుసుకుపోతాయి. ఇంజిన్ ఆపి, రోటార్‌ను (ఇరుసు తలమీద కూర్చుని తిరుగుతూ కరెంటు పంచే ముక్కను) అది తిరిగే దిక్కులో చేత్తో కొద్దిగా తిప్పి వదలండి. స్ప్రింగుకు లొంగి వెనక్కి రావాలి. తిప్పినచోటే నిలిచిపోతే బరువులు పట్టేశాయన్నమాట.

అపోహ: ఎంత ఎక్కువ నూనె పోస్తే అంత మంచిది.

వాస్తవం: నేను ఎక్కువగా బాగుచేసేది ఈ అపోహ తెచ్చిన నష్టాన్నే. ఒకసారి ఒంగోలులో పెళ్లికి బయలుదేరిన అంబాసిడర్ కావలి దాటాక ఆగిపోయింది. వెళ్లి చూస్తే పాయింట్ల ముఖాలు నల్లగా మాడి ఉన్నాయి. ముందురోజు యజమానే శ్రద్ధగా క్యామ్ చుట్టూ వేలితో గ్రీజు పట్టించారట! క్యామ్ తిరిగే వేగానికి అదనపు గ్రీజు విసిరివేయబడి పాయింట్ల మీద పడుతుంది, అక్కడి స్పార్కుకు కాలి మసి అవుతుంది. పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, పొడి కాగితం ముక్కను పాయింట్ల మధ్య లాగితే బండి కదిలింది.

కొలత ఇది. రోటార్‌ను పైకి లాగితే ఇరుసు తలలో ఒక స్క్రూ కనిపిస్తుంది. దానిని విప్పనక్కరలేదు, చుట్టూ ఉన్న సందులోకి రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్ వదిలితే చాలు. కొన్ని రకాలలో స్క్రూకు బదులు ఫెల్టు (నూనె పీల్చే మెత్తటి ముక్క) ఉంటుంది, చుక్కలు దానిమీద వేయాలి. క్యామ్‌కూ పళ్లానికీ మధ్య సందులో రెండు చుక్కలు వేస్తే కింది బరువులకు అందుతాయి. పాయింటు కదిలే మేకుకు ఒక్క చుక్క. దానికి నూనె డబ్బా వద్దు, సన్నని తీగను ఆయిల్‌లో ముంచి తాకించండి. క్యామ్‌కు అగ్గిపుల్ల తలలో సగమంత గ్రీజును పలుచగా రాయాలి. 5000 కిలోమీటర్లకు ఒకసారి ఇలా చేస్తే సరిపోతుంది. అరుదుగా బయటికి తీసే బండికి మాత్రం రోహిణి కార్తెకు ముందు ఒకసారి, తుపానుల కాలానికి ముందు ఒకసారి చేయమని నా సలహా.

ఇరుసు పక్కలకు ఊగుతుంటే మాత్రం ఎంత నూనె వేసినా ప్రయోజనం లేదు, ఇరుసును పట్టి ఉంచే బుష్ మార్చవలసిందే.

అపోహ: గ్రీజు లేకపోతే వ్యాజిలీన్ రాస్తే సరి.

వాస్తవం: వ్యాజిలీన్ సాధారణంగా 60 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మే నెలలో నడిచి వచ్చిన బండి బోనెట్ కింద అది ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోవచ్చు. ఎక్కువ వేడికి కరగని గ్రీజు దొరకనప్పుడు క్యామ్‌కు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పలుచగా పూయడమే మేలు.

అపోహ: క్యాప్ లోపలి కడ్డీలకు, రోటార్ కొనకు సిలికాన్ గ్రీజు రాస్తే స్పార్క్ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. ఈ పాత వ్యవస్థలో రోటార్ కొన క్యాప్ కడ్డీలను తాకదు. కరెంటే సందును దాటుతుంది. కాబట్టి అక్కడ నూనె వేయవలసిన రాపిడి లేదు, రాస్తే దుమ్ము మాత్రం అంటుకుంటుంది. క్యాప్ నడుమ ఉన్న కార్బన్ ముక్కకు కూడా ఏమీ పూయవద్దు. సిలికాన్ పాయింట్లకు చేరితే ఆ స్పార్కుకు కరెంటు పారని పొరగా మారుతుంది. ఆ గ్రీజుకు తగిన చోటు ప్లగ్గు టోపీల లోపలి రబ్బరు. నవంబరు వానల్లో తేమ చేరకుండా ఆపుతుంది.

తాళంచెవి రంధ్రంలో కూడా నూనె పోయకండి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పెన్సిల్ ములుకును నూరిన పొడిని తాళంచెవికి అద్ది నాలుగుసార్లు తిప్పితే చాలు.