టైమ్‌స్టాంపులు కలిస్తే డేటా కలిసినట్టేనా? సోలార్, విండ్ అంచనాల్లో అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు ఫైళ్లలోనూ 12:00 అనే ఉంది, కలిపేస్తే సరి.

ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఈఆర్‌ఏ5 (గత వాతావరణాన్ని మోడల్‌తో తిరిగి లెక్కకట్టిన యూరప్ డేటా) గంటవారీ ఫైల్లో 12:00 దగ్గర కనిపించే సౌర వికిరణం ఆ క్షణానిది కాదు, 11:00 నుంచి 12:00 దాకా చదరపు మీటరు నేల మీద పడ్డ మొత్తం శక్తి. అది జౌల్స్‌లో ఉంటుంది కాబట్టి 3600తో భాగిస్తే ఆ గంట సగటు వాట్లలో వస్తుంది, దాని నడిమి సమయం 11:30. అదే డేటాలో గాలి వేగం మాత్రం సరిగ్గా 12:00 నాటిది! నాసా ఇచ్చే అలాంటి డేటా మెర్రా-2లో గంట సగటులకు స్టాంపే 11:30 అని ఉంటుంది. ఇక టర్బైన్ల నుంచి వచ్చే 10 నిమిషాల సగటులకు స్టాంపు మొదట్లో వేశారా, చివర్లో వేశారా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే.

అపోహ: అరగంట తేడానేగా, ఏమవుతుంది?

అరగంటలో సూర్యుడు 7.5 డిగ్రీలు జరుగుతాడు. ఏడాది మొత్తంలో తేడా పెద్దగా బయటపడదు, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ సూర్యోదయం దగ్గర చూడండి: నేరుగా పడే కిరణాల విలువ రాబట్టడానికి జెనిత్ కోణం (నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత వాలాడో చెప్పే కోణం) కొసైన్‌తో భాగిస్తాం, అప్పుడది సున్నాకు దగ్గరగా ఉంటుంది, సూర్యుడి స్థానం కాస్త తప్పినా అసాధ్యమైన అంకెలొస్తాయి. వాటిని సెన్సర్ లోపం అనుకుని తీసేస్తే అసలు తప్పు అలాగే ఉండిపోతుంది. గంట సగటుకు సూర్యుడి స్థానాన్ని ఆ గంట నడిమి సమయానికి లెక్కకట్టండి. తర్వాత మబ్బులేని ఒక రోజు తీసి, క్లియర్ స్కై మోడల్ (మబ్బుల్లేకపోతే ఎంత వికిరణం రావాలో లెక్కకట్టేది) గీత మీద పెట్టి చూడండి, గ్రాఫ్ ఎటు జరిగిందో కంటికే తెలిసిపోతుంది.

రెండు డేటాల మధ్య కోరిలేషన్ (కలిసి పెరిగే, తగ్గే పోలిక) బాగా వచ్చిందని మాత్రం నమ్మొద్దు, పగలూ రాత్రీ తేడా వల్లే సోలార్‌లో అది ఎలాగూ ఎక్కువొస్తుంది.

అపోహ: గంట డేటాను 15 నిమిషాలకు మార్చాలంటే రెండు బిందువుల మధ్య గీత గీస్తే చాలు.

వికిరణానికి అలా చేస్తే సూర్యుడు రాకముందే కరెంటు పుడుతుంది. వచ్చిన వికిరణానికీ క్లియర్ స్కై విలువకూ ఉన్న నిష్పత్తిని తీసుకుని, ఆ నిష్పత్తిని మధ్యలో నింపి, మళ్లీ 15 నిమిషాల క్లియర్ స్కైతో గుణించండి. మబ్బుల వల్ల వచ్చే వేగమైన ఎగుడుదిగుళ్లు దీనితో తిరిగి రావు, అది వేరే పని.

అపోహ: ముందు గాలి వేగం సగటు తీసి, తర్వాత పవర్ లెక్కకట్టినా ఒకటే.

గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అరగంట సెకనుకు 4 మీటర్లు, అరగంట 12 మీటర్లు వీస్తే సగటు 8, దాని ఘనం 512. విడివిడిగా ఘనాలు తీసి సగటు చేస్తే 896! చేతిలో 10 నిమిషాల విలువలుంటే ముందు పవర్ కర్వ్‌లో (ఏ గాలి వేగానికి టర్బైన్ ఎంత కరెంటు ఇస్తుందో చెప్పే గీత) పెట్టి ఆ తర్వాతే గంటకు సగటు చేయండి. గాలి దిశ సంగతైతే మరీనూ, 350, 10 డిగ్రీల సగటు మామూలుగా తీస్తే 180 వస్తుంది, అంటే పూర్తిగా ఎదురు దిక్కు. వెక్టర్ భాగాలుగా విడదీసి సగటు తీయాలి.

అపోహ: స్థానిక సమయంలోనే పనిచేస్తే సులువు.

డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) ఉన్నచోట ఏడాదిలో ఒక రోజుకు 23 గంటలు, ఇంకో రోజుకు 25 గంటలు ఉంటాయి. అంతా యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) నడిపి, రిపోర్టు ఇచ్చేటప్పుడే మార్చండి.

చివరగా, టీఎంవై (వేర్వేరు ఏళ్ల నెలలను కలిపి కూర్చిన "సాధారణ వాతావరణ సంవత్సరం") సోలార్ ఫైలును ఏదో ఒక అసలు సంవత్సరపు గాలితో కలపొద్దు. అందులో జనవరి ఒక ఏడాదిది, ఫిబ్రవరి ఇంకో ఏడాదిది కావచ్చు, ఏ రోజు మబ్బుకూ ఆ రోజు గాలికీ సంబంధమే ఉండదు.