షుగర్ దిగుతున్న గంటల్లోనే అసలు కాపలా

పిల్లల్లో టైప్ 1 షుగర్ చాలాసార్లు కీటోఅసిడోసిస్‌తోనే బయటపడుతుంది, అంటే ఇన్సులిన్ లేక ఒంట్లో కొవ్వు కరిగి, కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవడం. కొన్నాళ్లుగా విపరీతమైన దాహం, పక్క తడపడం, చిక్కిపోవడం. ఆపైన వాంతులు, కడుపునొప్పి, రొప్పు. నెల్లూరులోనో నాయుడుపేటలోనో సెలైన్ ఎక్కించి 'చెన్నై తీసుకెళ్లండి' అంటారు. నెల్లూరు నుంచి ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రికి మూడు నాలుగు గంటల దారి. ఈ జబ్బులో అసలు భయం మెదడు వాపు. అది ఎక్కువగా బయటపడేది చికిత్స మొదలైన 4 నుంచి 12 గంటల మధ్య. ఆ గడువు అంబులెన్సులోనే మొదలైపోవచ్చు.

ఈ పిల్లల్లో నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే ఆ వాపు వస్తుంది. వచ్చినవారిలో మాత్రం 21 నుంచి 24 శాతం మంది దక్కడం లేదు. ఐదేళ్లలోపు వాళ్లకు, జబ్బు అప్పుడే బయటపడినవాళ్లకు, రక్తంలో యూరియా బాగా పెరిగినవాళ్లకు ముప్పు ఎక్కువ.

సెలైన్ వేగంగా ఎక్కించడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో 13 ఆసుపత్రుల్లో 1,389 సార్లు చేసిన చికిత్సను పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలో వేగం వల్లగానీ, సెలైన్‌లో ఉప్పు శాతం వల్లగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒంట్లో నీరు ఇంకి మెదడుకు రక్తం తగ్గడం, తిరిగి అందేటప్పుడు రక్తనాళాల గోడల్లోంచి నీరు ఊరడం, వీటివైపే ఇప్పుడు అనుమానం. అలాగని సీసాను ధారగా వదిలేయమని కాదు. ఆ అధ్యయనంలో 'వేగం' కూడా లెక్కగట్టిన వేగమే.

20 కిలోల బిడ్డకు మొదట 200 నుంచి 400 మి.లీ. నార్మల్ సెలైన్, అరగంట నుంచి గంటలో. ఇన్సులిన్ ఆ తర్వాతే, గంటకు 1 నుంచి 2 యూనిట్లు. ఒక్కసారిగా పొడిచే డోసు వద్దు. షుగర్ 250–300కి దిగాక సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) కలపాలిగానీ ఇన్సులిన్ ఆపకూడదు, కీటోన్లు ఇంకా పోలేదు. ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ మామూలుగా ఇవ్వరు, దానికీ వాపుకీ సంబంధం కనబడింది. షుగర్ 100 తగ్గినప్పుడల్లా రక్తంలో సోడియం లీటరుకు ఒకటిన్నర మిల్లీమోల్ దాకా పెరగాలి. పెరగలేదంటే ఒంట్లోకి వట్టి నీరు ఎక్కువగా చేరుతోందేమో చూడాలి.

షుగర్ మీటరు చూసి ఊరట చెందడమే ఇక్కడ పెద్ద పొరపాటు. చికిత్స మొదలయ్యాక వచ్చిన తలనొప్పి, తగ్గి మళ్లీ మొదలైన వాంతి, చిరాకు, మగత, పెద్ద పిల్లాడు పక్క తడపడం, నిద్రవల్ల కాకుండా నాడి నిమిషానికి 20కి పైగా తగ్గిపోయి అలాగే ఉండడం, ఇవీ మెదడు వాపు గుర్తులు. రాత్రయినా గంటకోసారి లేపి చూడాలి. తమిళ నర్సు అడిగితే తెలుగు బిడ్డ బిక్కమొహం వేయవచ్చు, అది మగత కాదు. 'నీ పేరేంటి నాన్నా, ఎక్కడున్నావ్?' అని తల్లిచేత అడిగించాలి.

అనుమానం వస్తే స్కానింగ్ కోసం ఆగకూడదు, మొదట్లో అది మామూలుగానే కనిపించవచ్చు. తల 30 డిగ్రీలు ఎత్తి, మెదడులోని నీటిని లాగేసే మానిటాల్ మందు కిలోకు అర గ్రాము నుంచి గ్రాము, 10–15 నిమిషాల్లో. 20 శాతం సీసాలో ఆ 20 కిలోల బిడ్డకు 50 నుంచి 100 మి.లీ. అన్నమాట. ఏసీ చల్లదనానికి మానిటాల్ స్ఫటికాలు కడుతుంది. వేడినీళ్లలో ఉంచి కరిగించి, ఒంటి వేడికి చల్లారాకే వాడాలి. అది లేకుంటే 3 శాతం సెలైన్, కిలోకు 2.5 నుంచి 5 మి.లీ.

పంపించే డాక్టరు చీటీలో బరువు, ఎన్ని మి.లీ. ఎక్కింది, ఇన్సులిన్ ఎన్నింటికి మొదలైంది, బయల్దేరేటప్పుడు బిడ్డ ఎలా మాట్లాడింది రాయాలి. ఈ చివరిదే ఎక్కువగా రాయకుండా వదిలేస్తారు.