ఎనిమిది కోర్లు, ఒక కాలింగ్ బెల్

చిరంజీవులు చిన్నూకి, పండుకి,

తాతయ్య ఆశీస్సులు. ఉభయ కుశలోపరి.

చిన్నూ, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి ఆ హడావిడిలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ (అంటే ప్రాసెసర్) 13 శాతమే పనిచేస్తోందంటోంది, మరి మిగతా 87 శాతం ఏమైందీ అని కదా నీ ప్రశ్న? నీ కంప్యూటర్లో కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల ఎవరి పని వాళ్లు చేసుకునే భాగాలు, ఎనిమిది. నూటిని ఎనిమిదితో భాగించి చూడు, పన్నెండున్నర వస్తుంది. అంటే సరిగ్గా ఒక్క కోరు చేయగలిగినంత పనే జరుగుతోందన్నమాట. మిగిలిన ఏడూ గోళ్లు గిల్లుకుంటున్నాయి.

అన్ని కోర్లనీ కలిపి చెప్పే ఈ సగటు లెక్క నన్నూ ఒకప్పుడు బోల్తా కొట్టించింది. 2009లో ఒక ఆఫీసుకి సర్వర్లు, అంటే అందరూ కలిసి వాడుకునే పెద్ద కంప్యూటర్లు, చూసిపెట్టేవాణ్ణి. కొత్త మిషన్ తెచ్చారు, నాలుగేసి కోర్ల ప్రాసెసర్లు రెండు. పాతదానికంటే ఇదే నత్తనడక నడుస్తోందని కౌంటర్ల దగ్గర ఒకటే గోల. గ్రాఫ్ చూస్తే 15 శాతం దాటదు. "ఖాళీగానే ఉంది కదండీ" అంటారు మా పైఅధికారి. రెండు రాత్రులు డేటాబేస్‌ని తిట్టుకుంటూ గడిపాను. పాపం, దానిది ఏ తప్పూ లేదు.

ఆ సర్వర్లో నడిచేది లినక్స్, మీ విండోస్ లాంటిదే. అందులో 'టాప్' అని ఒక ఆదేశం ఉంది. అది నడుస్తుండగా 1 అంకె నొక్కితే ప్రతి కోరు లెక్కా విడివిడిగా చూపిస్తుంది. ఆ 1 నొక్కాలని నాకు మూడో రోజు తట్టింది! చూస్తే సున్నా నంబరు కోరుకి ఊపిరాడటం లేదు, మిగతావి నిద్రపోతున్నాయి.

ఎందుకో చెప్తాను. నెట్‌వర్క్ కార్డుకి బయటి నుంచి సమాచారం రాగానే అది ప్రాసెసర్‌ని పిలుస్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. మనింట్లో కాలింగ్ బెల్ లాంటిదే. మీరంతా సెలవులకొచ్చి హాల్లో కూర్చున్నప్పుడు బెల్ మోగితే లేచేదెవరు? అమ్మమ్మే. పోపు వేస్తున్నా స్టవ్ తగ్గించి ఆవిడే వెళ్లాలి. మా సర్వర్లో సున్నా నంబరు కోరుది అమ్మమ్మ పరిస్థితి. ఏ కోరు ఎన్నిసార్లు బెల్ అందుకుందో ఒక ఫైల్లో పట్టికలా ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు వరుసలో ఆ ఒక్క కోరు కింద కోట్లలో అంకె, మిగతా ఏడింటి కింద సున్నాలు.

ఈ బెల్లులు పంచిపెట్టడానికి ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే ప్రోగ్రాం ఉంది. ఉత్సాహంగా ఆన్ చేశాను. భారం సున్నా మీంచి మూడో నంబరు మీదికి మారింది, అంతే. అమ్మమ్మ బదులు అత్తయ్య లేచిందన్నమాట. మా కార్డులో సమాచారం నిలబడే వరుస ఒక్కటే, బెల్ ఒక్కటే. ఒక బెల్‌ని ఎవరికి తగిలించినా లేచేది ఒక్కరే. చివరికి ఎక్కువ వరుసలున్న కార్డు వేయించాం, వరుసకో బెల్, బెల్‌కో కోరు. ఆ మరుసటి ఏడాది, 2010లో, గూగుల్ ఇంజనీరు టామ్ హర్బర్ట్ రాసిన ఒక సదుపాయం లినక్స్ 2.6.35లో చేరింది. బెల్ అందుకున్న కోరు వచ్చిన సమాచారం పార్సిళ్లను తనే విప్పుతూ కూర్చోకుండా తక్కినవాళ్లకి అందిస్తుంది. నాకు ఒక్క ఏడాది ఆలస్యమైంది!

అలాగని ఎప్పుడూ సమానంగా పంచడమే మంచిదనుకోకండి. పప్పుకి పోపు సగంలో ఉండగా గరిట ఇంకొకరికిస్తే, వాళ్లు ఆవాల డబ్బా వెతుక్కోవడంతోనే పోపు మాడుతుంది. కోరుకీ అంతే. తనకి కావలసినవి పక్కనే చిన్న జ్ఞాపకంలో, అంటే క్యాష్‌లో, పెట్టుకుంటుంది. పని మాటిమాటికీ కోరు మారితే అవన్నీ మళ్లీ తెచ్చుకోవాలి. అందుకే లినక్స్ ప్రతి కోరుకీ వేరే పనుల వరుస పెట్టి, తేడా బాగా పెరిగితేనే పని అటూ ఇటూ జరుపుతుంది.

ఇక నీ గేమ్. దానికి బెల్లుతో సంబంధం ఉండకపోవచ్చు. అందులో ముఖ్యమైన పని ఒకే దారంగా (థ్రెడ్ అంటారు) రాసి ఉంటారు, ఒకదాని తర్వాతే ఇంకొకటి. కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్డాల్ 1967లోనే ఈ చిక్కు చెప్పాడు. పది నిమిషాల పనిలో ఐదు నిమిషాలది విడదీయలేనిదనుకో. ఎనిమిది కోర్లున్నా ఐదు నిమిషాల ముప్పై ఏడున్నర సెకన్లు పడుతుంది. వెయ్యి కోర్లు పెట్టినా ఐదు నిమిషాల కిందికి రాదు. కాబట్టి ఎక్కువ కోర్ల కంప్యూటర్ కొనిపెట్టమని నాన్నని వేధించకు. ఒక్కో కోరు ఎంత వేగంగా నడుస్తుందో చూసుకోవాలి.

పండూ, నువ్వు నేర్చుకుంటున్న పైథాన్‌లోనూ ఇదే తంతు. ఎనిమిది థ్రెడ్లు పెట్టినా మామూలు పైథాన్‌లో లోపల ఒక తాళం ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే వంతు. 2024లో వచ్చిన పైథాన్ 3.13లో ఆ తాళం లేని రకాన్ని కూడా ప్రయోగంగా ఇచ్చారు.

చిన్నూ, టాస్క్ మేనేజర్లో ఆ గ్రాఫ్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే కోర్లను విడివిడిగా చూపించే వీలుంది. విండోస్ ఒకే పనిని కోరు నుంచి కోరుకి గెంతిస్తూ ఉంటుంది కాబట్టి, ఒక్కటే నిండుగా కనబడకపోతే కంగారుపడకు. అన్నిటి మీదా కొంచెం కొంచెం కనబడినా కలిపితే ఒక కోరంతే అవుతుందేమో లెక్కవేసి రాయి.

ఇట్లు
మీ తాతయ్య